పాట లేని మేళం పదికాలాలు నిలవాలంటే

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల్లోని తెలుగు కుర్రవాళ్ళు కొందరు గాయకులు లేకుండా కేవలం వాద్యాలతో ఒక బృందం కట్టాలన్న ఆలోచనతో అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఒకరి చేతిలో సన్నాయి ఉంటుంది, ఒకరికి ఫిడేలు వచ్చు, ఒకరి ఇంట్లో తాతల నాటి డోలు ఉంటుంది, ఇంకొకరు ఈ మధ్యనే గిటారు నేర్చుకుని ఉంటారు. మొదటి కచేరీ ఎలా సంపాదించాలని వాళ్ళు అడుగుతారు. ఇరవయ్యవ ఏట కూడా ఆ బృందం బతికి ఉండాలంటే మొదటి ఏట ఏమి చేయాలో నేను చెబుతాను. ఆ చెప్పే మాటలనే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఈ విషయంలో నాకు ఎక్కువగా పాఠం చెప్పినది ఐర్లండ్ దేశపు సంప్రదాయ వాద్యసంగీతం. ఎక్కడి ఐర్లండ్, ఎక్కడి మన మహేంద్రతనయ నది ఒడ్డు అని అనిపించవచ్చు గాని, పోలిక చాలా దగ్గరిది. వాళ్ళ వాద్యసంగీతం ప్రధానంగా నాట్యం కోసం పుట్టినది. రైతుల ఇళ్ళలో, వంటగదుల్లో, కూడళ్ళలో జనం ఆడటానికి వాయించిన బాణీలే దాని మూలధనం. మన సన్నాయి మేళం కూడా సభామందిరంలో పుట్టలేదు, పెళ్ళి పందిట్లో, దేవుడి ఊరేగింపులో పుట్టింది. వాళ్ళ ప్రధాన వాద్యాల్లో ఒకటైన ఇలిన్ పైప్స్‌లో గాలి నిండేది నోటితో ఊదడం వల్ల కాదు, మోచేతి కింద పెట్టుకున్న చిన్న కొలిమితిత్తిని నొక్కడం వల్ల. ఐరిష్ భాషలో ఆ పేరుకు అర్థమే మోచెయ్యి. శృతి కోసం మన పల్లెల్లో ఊదిన మేకతోలు తిత్తిని చూసినవారికి ఆ వాద్యం పరాయిదిగా కనిపించదు. ఇక ఫిడేలు అన్న మాటను మనమూ వాళ్ళూ ఒకేలా వాడుకుంటాము.

ఆ సంగీతం వాయించే బృందాల్లో ది చీఫ్‌టెన్స్ చరిత్రను ప్రతి మేళగాడూ తెలుసుకోవాలి. డబ్లిన్ నగరంలో 1962లో పాడీ మొలోనీ అనే పైప్స్ కళాకారుడు దీనిని మొదలుపెట్టాడు. 2021లో ఆయన మరణించేవరకు, అంటే దాదాపు అరవై ఏళ్ళ పాటు, అది నడిచింది. సభ్యులు మారారు, కాలం మారింది, వినేవాళ్ళు మారారు, అయినా మేళం మిగిలింది. అది అదృష్టం వల్ల జరిగింది కాదని నా నమ్మకం. ఆ కథలోని ఒక్కొక్క మలుపును మన ఊళ్ళ అవసరానికి అన్వయించి చూస్తే, ఏ పని ఏ వరుసలో చేయాలో స్పష్టంగా తెలుస్తుంది.

మొదట కూర్చవలసినది బాణీల మూట

వాద్యబృందానికి గాయకుడి మొహం ఉండదు, సాహిత్యం ఉండదు. కాబట్టి జనం గుర్తుపట్టేది బాణీని మాత్రమే. పేరు పెట్టుకోవడానికి ముందు, బ్యానరు కుట్టించడానికి ముందు, కనీసం ముప్ఫై బాణీలు అందరికీ కంఠస్థంగా రావాలని నేను పట్టుబడతాను. కాగితం చూడకుండా, ఏ చోట ఆపి మొదలుపెట్టమన్నా మొదలుపెట్టగలగాలి.

ఐర్లండ్ వాళ్ళ బాణీ నిర్మాణం చాలా సరళంగా, చాలా తెలివిగా ఉంటుంది. సాధారణంగా ఎనిమిది ఆవృత్తాల ఒక భాగం, దానిని రెండుసార్లు వాయిస్తారు. ఆ తరువాత ఎనిమిది ఆవృత్తాల రెండవ భాగం, దానినీ రెండుసార్లు. మొత్తం ముప్ఫై రెండు ఆవృత్తాలు పూర్తి కావడానికి నిమిషం కూడా పట్టదు. అటువంటి బాణీని రెండు మూడుసార్లు తిప్పి, ఆపకుండానే మరో బాణీలోకి దూకుతారు. ఇలా రెండు మూడు బాణీలను గుచ్చి ఒక వరుసగా చేస్తారు. ఒక బాణీ నుంచి మరొక బాణీలోకి మారే ఆ క్షణంలోనే వినేవాడి ఒళ్ళు పులకరిస్తుంది. జిగ్ అనే వాళ్ళ నడకను మూడేసి లెక్కల మన తిశ్రంతో, రీల్ అనే నడకను నాలుగేసి లెక్కల చతురశ్రంతో పోల్చుకుంటే డోలు వాయించేవారికి పట్టు తొందరగా దొరుకుతుంది.

మన ప్రాంతంలో ఇటువంటి వరుసలు కూర్చడానికి సరుకుకు కొదవ లేదు. పెళ్ళి సన్నాయిలో ఒక్కొక్క ఘట్టానికి ఒక్కొక్క బాణీ ఉంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో గుండెల మీద కట్టుకుని వాయించే తప్పెటగుళ్ళ దరువులు ఉన్నాయి. కోరాపుట్, రాయగడ కొండల్లో ఢోల్, టమక్ అనే తోలువాద్యాలతో, సన్నాయి వంటి మహురితో సాగే ధెంసా నాట్యం నడకలు ఉన్నాయి. గంజాం జిల్లాలో రెండు శంఖాలు ఊదుతూ ఆడే జోడి శంఖం ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం ఇటు వచ్చింది, ఆ సంస్థానపు పల్లెలు ఎన్నో అటు మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయాయి. గీత భూమి మీద పడింది గాని బాణీల మీద పడలేదు. పాతపట్నంలో విన్న సన్నాయి బాణీని పర్లాకిమిడి పందిట్లో మహురి మీద మరో యాసలో నేను ఎన్నోసార్లు విన్నాను.

అయితే ఈ బాణీలను యూట్యూబులో విని నేర్చుకోవడంతో ఆగిపోకూడదు. వాయించే పెద్దవారి దగ్గరికి వెళ్ళి, వారి ఎదురుగా కూర్చుని, వారి ఊపిరి ఎక్కడ తెగుతోందో చూసి నేర్చుకోవాలి. వెళ్ళేటప్పుడు తాంబూలంలో తోచినంత దక్షిణ పెట్టి వెళ్ళాలి. తరతరాలుగా ఈ వాద్యాలను మోసిన కుటుంబాలు చాలా వరకు పేదరికంలోనే ఉన్నాయి. వారి బాణీతో మనం వేదిక ఎక్కి వారి పేరు చెప్పకపోవడం తప్పు. ప్రతి బాణీకి ఎదురుగా ఎవరి దగ్గర, ఏ ఊరిలో, ఏ తేదీన నేర్చుకున్నామో ఒక పుస్తకంలో రాయండి. కచేరీలో ఆ బాణీ వాయించే ముందు ఆ ఊరి పేరూ ఆ మనిషి పేరూ చెప్పండి. ఐర్లండ్‌లో మంచి కళాకారులు ఇదే పద్ధతి పాటిస్తారు. ఫలానా జిల్లాలో ఫలానా వారి నుంచి వచ్చిన బాణీ అని చెప్పకుండా వాయిస్తే అక్కడ మర్యాదగా అనుకోరు.

అందరూ ఒకేసారి వాయించకూడదు

కొత్త బృందాలన్నీ చేసే తప్పు ఇది. ఐదుగురు ఉంటే ఐదుగురూ మొదటి చప్పుడు నుంచి చివరి చప్పుడు వరకు వాయిస్తారు. రెండు బాణీలు అయ్యేసరికి వినేవారి చెవి అలసిపోతుంది. ఐర్లండ్‌లో నాట్యానికి వాయించే కేలీ బ్యాండ్లది కూడా అందరూ కలిసి ఒకే బాణీని మోగించే పద్ధతే. 1960 ప్రాంతంలో షాన్ ఓ రియాడా అనే సంగీతకర్త క్యోల్తోరీ కూలన్ అనే బృందాన్ని కట్టి, ఆ పద్ధతిని మార్చాడు. ఒక బాణీలో ఒకచోట ఫిడేలు ఒక్కటే, మరోచోట వేణువూ పైప్స్ జంటగా, ఇంకోచోట అందరూ కలిసి, ఇలా వాద్యాలకు వంతులు పంచాడు. అప్పటిదాకా పెద్దగా గౌరవం లేని బౌరాన్ అనే తోలువాద్యానికి వేదిక మీద స్థానం ఇచ్చాడు. పాడీ మొలోనీ ఆ బృందంలో వాయించినవాడే. చీఫ్‌టెన్స్ నాదం ఆ పాఠశాల నుంచే వచ్చింది.

మీ దగ్గర సన్నాయి, ఫిడేలు, వేణువు, డోలు, గిటారు ఉన్నాయనుకుందాం. మొదటి తిప్పు సన్నాయి ఒక్కటే శృతిపెట్టె మీద వాయించాలి. రెండవ తిప్పులో ఫిడేలు ఒక స్థాయి కింద చేరాలి. డోలు అప్పటికి కూడా మౌనంగా ఉండాలి. బాణీ రెండవ భాగంలోకి వెళ్ళినప్పుడు వేణువు తీసుకోవాలి, సన్నాయి ఆగాలి, డోలు వేళ్ళతో మాత్రమే మెల్లగా మొదలు కావాలి. మూడవ తిప్పులో కర్ర పడాలి, అందరూ కలవాలి. ఆ తరువాత బాణీ మారేచోట ఒక్క క్షణం డోలు ఆగి, కొత్త బాణీ మొదటి చరణంతో మళ్ళీ పడితే సభ మొత్తం లేచి కూర్చుంటుంది. మౌనంగా ఉండటం కూడా వాయించడంలో భాగమేనని డోలు వాయించేవారికి నచ్చజెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ వృథా కాలేదు.

శృతి విషయం ఇక్కడే చెప్పాలి. కోరాపుట్‌లో చలికాలపు సాయంత్రం ఆరుబయట వేదిక మీద మేము మొదటిసారి వాయించినప్పుడు, కింద గదిలో సరిచూసుకుని ఎక్కిన శృతి పది నిమిషాల్లో చెడిపోయింది. కారణం తరువాత తెలిసింది. చలికి సన్నాయి, వేణువుల్లోని గాలి చల్లబడి వాటి శృతి కిందికి దిగుతుంది. ఫిడేలు మీది లోహపు తీగలు చలికి బిగుసుకుని శృతి పైకి పోతుంది. రెండూ చెరో దారి పడతాయి. అప్పటి నుంచి వేదిక ఎక్కడానికి అరగంట ముందే వాద్యాలను ఆ గాలిలోనే ఉంచి, సన్నాయిని ఊది వెచ్చబెట్టి, దాని కొసన బిగించే రెల్లు పీకను నోటిలో నానబెట్టుకుని, సన్నాయికే ఫిడేలును కలుపుతున్నాము. సన్నాయి శృతిని సులువుగా మార్చలేము కనుక మిగిలినవారు దాని దగ్గరికి రావాలి. విడిగా రెండు పీకలు ఎప్పుడూ జేబులో ఉండాలి.

వారానికి ఒకసారి ఎవరూ వినకుండా కూర్చోవాలి

ఐర్లండ్ పబ్బుల్లో సెషన్ అనే ఆచారం ఉంది. కళాకారులు ఒక బల్ల చుట్టూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ కూర్చుని, గంటల తరబడి వాయించుకుంటారు. వచ్చినవారు వింటారు, వినకపోయినా వాయించేవారు పట్టించుకోరు. కొత్తగా నేర్చుకుంటున్నవాడు చివర కూర్చుని, తెలిసిన బాణీ వచ్చినప్పుడు మాత్రమే వాయిస్తాడు. అక్కడి సంప్రదాయాన్ని నిలబెట్టింది కచేరీల కంటే ఈ కూర్చోవడమే అనవచ్చు. 1951లో ఏర్పడిన కోల్తస్ అనే సంస్థ ఊరూరా శాఖలు పెట్టి పిల్లలకు నేర్పింది. ఫ్లా క్యోల్ అనే వార్షిక పోటీ ఉత్సవాన్నీ అదే నడుపుతుంది.

మన దగ్గర పబ్బులు లేకపోయినా అరుగులు ఉన్నాయి, గుడి మండపాలు ఉన్నాయి. వారంలో ఒక రాత్రిని ఖాయం చేసి, ఆ రాత్రి ఏ బేరం వచ్చినా వదులుకునే పద్ధతి పెట్టుకోండి. నేను ఈ పని మొదలుపెట్టిన రోజుల్లో పాతపట్నం దగ్గరి పల్లెలో ఒక ముసలి సన్నాయి కళాకారుడి దగ్గరికి వెళ్ళి, కొత్త వాద్యాలన్నీ కొన్నామని గొప్పగా చెప్పాను. ఆయన చుట్ట పక్కన పెట్టి, "వాయిద్యాలు కొనేస్తే మేళమైపోద్దేటి బాబూ? కలిసి కూకోండి ముందు. కూకుంటే కదా ఒకడి ఊపిరి ఒకడికి తెలిసేది" అన్నారు. ఆ మాటను నేను అక్షరాలా పాటించాను.

ఉద్యోగం మానేసే తొందర వద్దు

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదవగలిగితే ఇది చదవండి. చీఫ్‌టెన్స్ 1962లో మొదలైనా, పూర్తికాలపు వృత్తి కళాకారులుగా మారినది 1975లో. మధ్యలో పదమూడు ఏళ్ళు సభ్యులు ఉద్యోగాలు చేసుకుంటూనే వాయించారు. మొలోనీ మొదట ఇళ్ళు కట్టే సామగ్రి అమ్మే సంస్థలో లెక్కల పని చేశాడు, 1968 నుంచి క్లాడా అనే రికార్డుల సంస్థను నిర్వహించాడు. హార్ప్ అనే తంత్రీవాద్యం వాయించే డెరెక్ బెల్ బెల్‌ఫాస్ట్‌లో బీబీసీ వాద్యబృందంలో ఉండేవాడు. వారి మొదటి రికార్డు 1964లో వచ్చింది, రెండవది 1969లో. ఆ ఐదేళ్ళలో వారు ఎక్కడికీ పరుగెత్తలేదు, వాయిస్తూనే ఉన్నారు. 1975 మార్చి 17న, అంటే ఐర్లండ్ వారి సెయింట్ ప్యాట్రిక్ పండుగ రోజున, లండన్‌లో ఐదు వేల మందికి పైగా పట్టే రాయల్ ఆల్బర్ట్ హాలు వారి కచేరీకి నిండిపోయింది. అదే ఏడాది విడుదలైన స్టాన్లీ కుబ్రిక్ చిత్రం బ్యారీ లిండన్‌లో వారి వాద్యం వినిపించి ప్రపంచానికి పరిచయమైంది. ఉద్యోగాలు వదిలినది అప్పుడు.

మన ఊళ్ళలో దీనికి విరుద్ధంగా జరుగుతోంది. పెళ్ళిళ్ళ కాలంలో పదిహేను బేరాలు ఒకేసారి వచ్చేసరికి కుర్రవాళ్ళు దుకాణంలో పని మానేస్తారు. ఆషాఢం వస్తుంది, భాద్రపదం వస్తుంది, పుష్యం వస్తుంది. ముహూర్తాలు ఉండవు, చేతిలో డబ్బు ఉండదు. మా బృందంలో డోలు వాయించిన కుర్రవాడు అటువంటి ఒక భాద్రపదంలో సూరత్ మరమగ్గాల పనికి రైలెక్కాడు. గంజాం, గజపతి జిల్లాల నుంచి సూరత్ వెళ్ళే వేలమందిలో అతడూ ఒకడయ్యాడు. అతని చేతిలో ఉన్న దరువులు రెండేళ్ళ పాటు మాకు లేకుండా పోయాయి. తప్పు అతనిది కాదు. పెళ్ళిళ్ళ కాలంలో వచ్చిన డబ్బులో కొంత భాగాన్ని ముహూర్తాలు లేని నెలల కోసం పక్కన పెట్టకపోవడం మా అందరి తప్పు.

కాబట్టి లెక్క ఇలా వేయండి. పన్నెండు నెలల చిట్టా ముందు పెట్టుకుని, ప్రతి సభ్యుడికి నెలవారీగా వచ్చినది విడివిడిగా రాయండి. ముహూర్తాలు లేని నెలల్లో వచ్చిన డబ్బుతో ఒక ఇల్లు గడవగలదా అన్నదే చూడవలసిన ప్రశ్న, ఏడాది మొత్తం సగటు కాదు. వరుసగా మూడు సంవత్సరాలు ఆ నెలలు గడిచాయంటే అప్పుడు ఉద్యోగం మానడం గురించి ఇంట్లో మాట్లాడవచ్చు. అందరూ ఒకేసారి మానకూడదు. నెలజీతం ఉన్న ఒకరిద్దరు మిగిలి ఉండటం బృందానికి రక్షణ.

కాగితం, పద్దు

డబ్బు దగ్గర విడిపోయిన మేళాలను నేను చాలా చూశాను, సంగీతం దగ్గర విడిపోయినది ఒక్కటీ చూడలేదు. ఐదారుగురు ఉన్న బృందానికి భాగస్వామ్య ఒప్పందం చాలు. ఏడుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉంటే సొసైటీగా నమోదు చేయించుకోవచ్చు, కొన్ని ప్రభుత్వ సహాయ పథకాలు అలా నమోదైన సంస్థలనే పరిగణిస్తాయి. బృందం పేరుతో పాన్ కార్డు, ఇద్దరు సంతకం చేస్తే గాని డబ్బు తీయలేని బ్యాంకు ఖాతా తప్పనిసరి. ప్రభుత్వ ఉత్సవాల సంభావన నేరుగా ఖాతాకే వస్తుంది, పాన్ లేకపోతే పన్ను కోత ఎక్కువగా పడుతుంది.

వాటాల లెక్కను బృందం పుట్టిన నెలలోనే రాసుకోవాలి. వచ్చిన సొమ్ములో మొదట ప్రయాణం, భోజనం, మైకుసెట్టు ఖర్చు తీయాలి. తరువాత బృందం ఖాతాకు ఒక వాటా. మిగిలినది సమానంగా. నాయకుడికి అదనపు వాటా ఇవ్వదలచుకుంటే అది కాగితం మీద ఉండాలి, ఎందుకు ఇస్తున్నారో కూడా రాసి ఉండాలి. మొలోనీకి లెక్కల పని తెలిసి ఉండటం ఆయన బృందానికి ఎంత మేలు చేసిందో నేను తరచుగా తలచుకుంటాను.

బేరం కుదిరినప్పుడు బయానా తీసుకోవడం మనందరికీ అలవాటే గాని, ఒప్పందపు కాగితం రాసుకోవడం అలవాటు లేదు. మా బృందానికి ఒక పట్టణంలో ఉత్సవ సంఘం వారు మూడు రాత్రులకు పిలిచి, బయానా మాత్రం ఇచ్చి, మిగిలిన మొత్తం ఇవ్వలేదు. అడగడానికి మా దగ్గర కాగితం లేదు, మాట్లాడిన మనిషి సంఘం నుంచి తప్పుకున్నాడు. ఆ ఏడాది ఇద్దరు సభ్యులకు బస్సు ఖర్చులు కూడా నా జేబులోంచి పెట్టాను. అప్పటి నుంచి ఒక పేజీ ఒప్పందాన్ని ఒడియాలో ఒక ప్రతి, తెలుగులో ఒక ప్రతి ముందే సిద్ధంగా ఉంచుకుంటున్నాను. తేదీ, ఎన్ని గంటలు వాయించాలి, ఎంత మంది వస్తారు, బస, భోజనం, మొత్తం, కచేరీ రద్దయితే ఎంత ఇవ్వాలి అన్నవి అందులో ఉంటాయి. రాత్రి పది గంటల నుంచి ఉదయం ఆరు గంటల వరకు మైకులు మోగించరాదన్న నిబంధన దేశమంతటా ఉంది. కాబట్టి ఉత్సవాలు ఆలస్యమైతే మీ సమయం కుదించుకుపోకుండా "వేదిక మీద నిలిచిన సమయం" అన్న మాటను ఒప్పందంలో చేర్చండి.

రికార్డింగు, హక్కులు

రికార్డు చేయడానికి తొందరపడకూడదని పైన చెప్పిన ఐదేళ్ళ విరామమే చెబుతోంది. కానీ చేసినప్పుడు హక్కు మీ చేతిలో ఉండాలి. మన 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఒక ప్రదర్శన మీద దానిని వాయించిన కళాకారుడికి యాభై ఏళ్ళ పాటు హక్కు ఉంటుంది. శబ్ద రికార్డు మీద హక్కు, ప్రచురించిన నాటి నుంచి అరవై ఏళ్ళు. తరతరాల బాణీకి యజమాని లేడు. మీరు దానిని కూర్చిన విధానం, వాయించిన తీరు మీవి. సినిమా పాట బాణీలను పెళ్ళి ఊరేగింపులో, పెళ్ళి వేడుకల్లో వాయించడానికి చట్టంలో మినహాయింపు ఉంది గాని, అవే బాణీలను రికార్డు చేసి అమ్మడానికి అనుమతి కావాలి. ఎవరైనా వచ్చి ఉచితంగా రికార్డు చేసిపెడతామని, కాగితం మీద సంతకం చేయమని అంటే, ఆ కాగితాన్ని ఒక రాత్రి ఇంటికి తెచ్చుకుని చదవండి. హక్కులన్నీ శాశ్వతంగా రాసి ఇవ్వమన్న వాక్యం కనిపిస్తే సంతకం చేయవద్దు.

మనుషులు మారినప్పుడు

వాద్యబృందపు జీవితంలో అసలు పరీక్ష ఇది. చీఫ్‌టెన్స్ మొదటి రికార్డులో వాయించినవారిలో చివరిదాకా మిగిలినది దాదాపుగా మొలోనీ ఒక్కడే. అయితే వారు ఒకరి తరువాత ఒకరుగా మారారు, అందరూ ఒక్కసారి కాదు. ఫిడేలు వాయించే షాన్ కీన్ 1968లో వచ్చాడు. 1970ల మొదట్లో డెరెక్ బెల్ హార్ప్‌తో చేరాడు. 1976లో బౌరాన్ వాయించే కెవిన్ కానెఫ్ వచ్చాడు, అతడు పాడగలడు కూడా. 1979లో విజిల్ అనే చిన్న పిల్లనగ్రోవి వాయించే షాన్ పాట్స్, వేణువు వాయించే మైకేల్ టబ్రిడీ వెళ్ళిపోయారు, మ్యాట్ మొలాయ్ వేణువుతో చేరాడు. ప్రతిసారీ పాతవారు ఎక్కువ మంది, కొత్తవారు తక్కువ మంది. అందువల్ల కొత్తవాడు మేళపు నాదంలోకి ఒదిగాడు, మేళం అతని నాదంలోకి కొట్టుకుపోలేదు. ఆ మొలాయ్ అంతకుముందు బోథీ బ్యాండ్ అనే అద్భుతమైన బృందంలో వాయించాడు. అది 1970ల మధ్యలో మొదలై ఆ దశాబ్దం ముగిసేలోపే ఆగిపోయింది. అందులోని ప్రతిభకు ఏ లోటూ లేదు, ఇప్పటికీ ఆ రికార్డులు విని నేర్చుకునేవారు ఎందరో. కాబట్టి మేళం నిలవడానికి ప్రతిభ ఒక్కటే సరిపోదు.

మన బృందానికి ఇందులో నుంచి తీసుకోవలసిన పనులు మూడు. ప్రతి వాద్యానికీ రెండవ మనిషి ఉండాలి. అతడు వారపు కూర్చోవడానికి వస్తూ ఉండాలి, ఏడాదికి రెండు మూడు కచేరీల్లో అతనికి చోటు ఇవ్వాలి. ఎవరైనా వెళ్ళిపోతామంటే వారు వెళ్ళే ముందు తమ దగ్గరున్న బాణీలను ఫోనులో నిదానంగా, ఒక్కొక్క భాగాన్ని విడివిడిగా వాయించి రికార్డు చేసి ఇవ్వాలి, వారికి రావలసిన వాటా ఆ నెలలోనే ఇచ్చేయాలి. వెళ్ళినవారికి తలుపు మూయకూడదు. సూరత్ వెళ్ళిన మా కుర్రవాడు రథయాత్రకు ఊరికి వచ్చినప్పుడు ఆ వారం మాతో కూర్చుంటాడు, అతని పేరు మా పుస్తకంలోంచి కొట్టేయలేదు.

నాయకుడి విషయంలో నేను చీఫ్‌టెన్స్ దారిని పూర్తిగా అనుసరించమనను. ఆ మేళం మొలోనీతోనే ముగిసినట్టయింది. ఒక మనిషి చేతిలో అన్ని తాళాలూ ఉంటే అతనితోనే తలుపు మూసుకుంటుంది. కచేరీలు మాట్లాడేవారు ఒకరు, పద్దు రాసేవారు ఒకరు, బాణీలు కూర్చేవారు ఒకరు అయితే మంచిది. 1990ల చివర్లో మొదలై, పాట కంటే వాద్యం మీదే నిలబడిన లూనాసా వంటి ఐరిష్ బృందంలో డబుల్ బేస్ అనే పెద్ద తంత్రీవాద్యం వాయించే మనిషి నాదాన్ని అడుగు నుంచి మోస్తాడు, అయినా బాణీ పైప్స్, వేణువు, ఫిడేలు చేతుల్లో తిరుగుతూ ఉంటుంది. ఆ పంపకాన్ని వేదిక మీదే కాక బయట కూడా పాటించాలని నా అభిప్రాయం.

ఊరి పొలిమేర దాటడం

సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకు వాద్యబృందం కావడమే పెద్ద సౌకర్యం. గాయకుడు తెలుగులో పాడితే ఒడియా వేదిక మీద సందేహం, ఒడియాలో పాడితే తెలుగు పందిట్లో సందేహం. సన్నాయికి భాష అడ్డు రాదు. పరిచయ వాక్యాలు మాత్రం వేదిక ఉన్న చోటి భాషలో చెప్పాలి. కోరాపుట్‌లో పరబ్, రాయగడలో చైతీ ఉత్సవాలు ఏటా జరుగుతాయి. బరంపురంలో రెండేళ్ళకొకసారి జరిగే ఠాకురాణీ యాత్రలో తెలుగు నేత కుటుంబాల పాత్ర పెద్దది, అటువంటి చోట మన బాణీలను ఆదరిస్తారు. బరంపురం, జయపురం ఆకాశవాణి కేంద్రాల ఆడిషన్‌కు దరఖాస్తు చేయండి. అక్కడ వచ్చే గ్రేడు వల్ల కచేరీలు వెంటనే వచ్చిపడవు, కానీ ఏ ఉత్సవ కమిటీకి రాసిన దరఖాస్తులోనైనా దానికి బరువు ఉంటుంది. కోల్‌కతాలోని తూర్పు మండల సాంస్కృతిక కేంద్రం పరిధిలో ఒడిశా ఉంది. అక్కడికి దరఖాస్తు పంపేటప్పుడు మూడు నిమిషాల వీడియో, సభ్యుల జాబితా, బాణీలు ఎవరివో చెప్పే ఒక పేజీ జతచేయండి.

ఇతరులతో కలిసి వాయించే అవకాశం వచ్చినప్పుడు వెనుకాడవద్దు. చీఫ్‌టెన్స్ 1979లో పోప్ రెండవ జాన్ పాల్ డబ్లిన్ వచ్చినప్పుడు ఫీనిక్స్ పార్కులో పది లక్షలకు పైగా జనం ముందు వాయించారు, 1983లో చైనా వెళ్ళి అక్కడి మహాకుడ్యం మీద వాయించారు, 1988లో వాన్ మారిసన్ అనే గాయకుడితో కలిసి రికార్డు చేశారు. ఐర్లండ్ ప్రభుత్వం 1989లో వారికి సంగీత రాయబారులన్న గౌరవం ఇచ్చింది. వారికి ఆరు గ్రామీ పురస్కారాలు వచ్చాయి. ఎవరితో కలిసినా పైప్స్ నాదం పైప్స్ నాదంగానే ఉంది, కీబోర్డు కింద దానిని మునగనివ్వలేదు. మన దగ్గరికి డీజేలు, సినిమా బ్యాండ్లు కలుద్దామని వస్తాయి. కలవండి, కానీ మైకు దగ్గర సన్నాయి స్థాయి ఎంత ఉండాలో మీరు ముందే చెప్పి, సౌండు సర్వీసు కుర్రవాడి పక్కన మీ మనిషి ఒకరిని నిలబెట్టండి.

కచేరీ అయిన రాత్రి ఎంత అలసిపోయినా పడుకునే ముందు పుస్తకం తీయాలి. ఊరు, తేదీ, ఏ బాణీలు ఏ వరుసలో వాయించాము, ఏ చోట శృతి తప్పింది, ఏ బాణీ దగ్గర జనం కదిలారు, ఎంత వచ్చింది, ఎవరికి ఎంత ఇచ్చాము, ఆ ఊరిలో వాయించే పెద్దవారు ఎవరైనా కలిశారా, కలిస్తే వారి ఇల్లు ఎక్కడ. మా పుస్తకాలు ఇప్పుడు నాలుగు అయ్యాయి, మూడవదాని అట్టకు సన్నాయి పీకలు నానబెట్టే గిన్నె మరక ఉంది. మరుసటి ఏడు ఆ ఊరికి మళ్ళీ వెళ్ళేటప్పుడు బస్సులో ఆ పేజీ తీసి అందరికీ చదివి వినిపిస్తాము, కొత్తగా వచ్చినవాడు కూడా వింటాడు.